మూలంలో లేని సరంగు

మా ఇంట్లో పొద్దుటి కాఫీ కలిపేది నేను. గ్లాసు మీద పెత్తనం మాత్రం మా ఆవిడ పేరంటాలుది. నేను రెండు గ్లాసులూ తెచ్చి అరుగు మీద పెట్టగానే, రెండూ తన వైపు లాక్కుని, ఒకదాని మీద చెయ్యి మూతపెట్టి పరీక్ష మొదలెడుతుంది.

"చెప్పండి. గాజుకళ్ల రాణి పెంచుకున్న మూడు తోకల ముంగిస పేరేంటి?"

"బంగారయ్య," అన్నాను.

"కుంకుడు! ముక్క రాదు గానీ కాఫీ మాత్రం పొగలు కక్కుతూ కావాలి. పోనీ ఇంకోటి. పిడుగుల యుద్ధం దేనివల్లొచ్చింది?"

"ఆడాళ్ల వల్ల."

"గరిటె వల్ల! కమ్మరి బసవడి పెళ్లాం గరిటెని రాజుగారి వంటవాడు ఎత్తుకుపోయాడు. ఏ ఊరండీ మీది? బళ్లోకి పంపలేదా మీవాళ్లు?"

ఏ ఊరని అడిగింది చూశారూ, అదీ నా సంగతి. ఆవిడ మెళ్లో తాళి కట్టింది నేనే. ఆవిడకి మాత్రం నా పేరు తెలియదు, నేనెవరో తెలియదు. ఆదివారం పోటీలకు వచ్చే జనంలో నేనూ ఒకణ్ణనీ, వేరే గతిలేక ఈ ఇంట్లో తిష్ఠ వేశాననీ ఆవిడ నమ్మకం. ఒకసారి పాత అలవాటు కొద్దీ "ఒసే పేరంటాలూ" అన్నాను. "అంత చనువేంటండీ? గారు పెట్టి పిలవండి," అంది. అప్పట్నుంచీ కట్టుకున్న పెళ్లాన్ని గారు పెట్టి పిలుస్తున్నాను. గోదావరి జిల్లాల్లో ఈ ఘనత నాదొక్కడిదే.

ఈ రాణీ, ముంగిసా అన్నీ మేఘగిరి అనే ఆటలోవి. సెల్‌ఫోన్లో ఆడతారు. మబ్బుల్లో తేలే దీవులు, దీవుల మధ్య పారే పొగయేరు, రెక్కల మొసళ్లు, మంత్రపు కత్తులు. ఆట ఆడేవాళ్లు కొందరైతే, ఆడ్డం మానేసి దాని చరిత్రంతా బట్టీపట్టి, ఒకళ్లనొకళ్లు ప్రశ్నలతో పొడుచుకునేవాళ్లు ఇంకొందరు. ఆట తయారుచేసిన కంపెనీ ఏది రాస్తే అదే చరిత్ర. దాన్ని వీళ్లు మూలం అంటారు. ఎవరైనా సొంత పైత్యం కలిపారో, "మూలంలో లేదు!" అని అరుస్తారు. మా ఆవిడ అరిస్తే పెరట్లో కాకులు లేచిపోతాయి.

కాఫీ ఎలాగూ దక్కదని తేలిపోయాక నేనూ ఊరుకోను.

"ఇవన్నీ ఎందుకుగానీ పేరంటాలుగారూ, అసలైన కథ చెప్తాను వినండి. పొగయేటి మీద ఓ పెళ్లిపంటు. సరంగే పెళ్లికొడుకు. నడి యేట్లోకి రాగానే, పంటంత పులసచేప ఒకటి తాడు నోట కరుచుకుంది. పులస ఎగువకి ఈదుతుందంటారు గదా? ఇది మాత్రం పెళ్లికూతురి బరువుకి తట్టుకోలేక దిగువకి తిరిగి, యానాం దాకా..."

"మూలంలో లేదు!"

"పూర్తిగా వినండి."

"మేఘగిరిలో పులసే లేదు. యానామూ లేదు. అబద్ధాలాడి కాఫీ తాగేద్దామనా?"

అది మా పెళ్లినాటి కథ. పులస మాట కాస్త పక్కన పెడితే మిగతాదంతా నిజమే. గౌతమి పాయ మీద బతుకంతా పంటు నడిపిన సరంగుని నేను. జోడు పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ గేదెల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి అవతలి గట్టుకి చేర్చే పని. గట్టు చేరేలోపు ఓ కోత కొయ్యకపోతే జనానికి పొద్దుపోదు, నాకు ఇంజను కదలదు. పేరు చూస్తే సంగాడి ధర్మారావు. ఈ నోటికి ఆ పేరు పెట్టాడంటే, మా నాయన నన్ను మించిన కోతలరాయుడై ఉండాలి.

పేరంటాలు మొదట ఉప్పుడబ్బా ఎక్కడుందో మర్చిపోయింది. తర్వాత మా వీధి మర్చిపోయింది. తర్వాత నన్ను. నేనైతే పూర్తిగా పోలేదు. గొంతు వినపడితే తల ఇటు తిప్పేది. చివరికి, నోట్లో పెట్టిన ముద్ద మింగాలన్న సంగతి కూడా మర్చిపోయింది. నేను ఎదురుగా కూర్చుని, గుటక వేసి చూపించేవాణ్ణి.

ఆవిడ అన్నగారి కూతురు హైమవతి కాకినాడలో మెదడు డాక్టరు. ఓ రోజు నన్ను తన ప్రయోగశాలకి తీసుకెళ్లి, చెవి వెనక చర్మం కింద అమర్చే బిళ్ల ఒకటి చూపించింది. రూపాయి కంటే చిన్నది.

"మావయ్యా, అత్త జ్ఞాపకాల పాత గాదెకి చెదలు పట్టింది. దాన్ని బాగుచెయ్యడం ఎవరి వల్లా కాదు. ఈ బిళ్ల, దాని పక్కనే కొత్త గాదె కడుతుంది."

"కట్టెయ్యి మరి. ముహూర్తం చూడాలా?"

"వేళాకోళం కాదు. కొత్తదానికి దూలాలు పాతదాన్నుంచే పీకాలి. మిగిలున్న కాస్తా పోతుంది. నీ గొంతుకి తల తిప్పుతోందే, అదీ పోతుంది."

నేను కాసేపు ఆ బిళ్లని అటూ ఇటూ తిప్పి చూశాను.

"ముద్ద మింగుతుందా?"

"మింగుతుంది. మాట్లాడుతుంది. నవ్వుతుంది."

"అయితే కానియ్యవే. నా గొంతుదేముంది, ఇంజను మోతకి సగం ఎప్పుడో పోయింది."

గాదె అయితే లేచింది. అందులో గింజలు నిలవాలి గదా? విడివిడిగా పోస్తే నిలవడం లేదు. ఒకదానితో ఒకటి ముడిపడి, ఎక్కడా చిల్లులేని లోకం ఏదన్నా ఉంటే, అందులోంచి తెచ్చి పోస్తే నిలుస్తుందట. మన లోకం పనికిరాదంది హైమ, ఇందులో అన్నీ చిల్లులేనట. వెతగ్గా వెతగ్గా దానికి మేఘగిరి దొరికింది. కంపెనీవాళ్లు ముంగిసకి కూడా వంశవృక్షం రాసి పెట్టుకున్నారు మరి.

కొన్ని వారాలు పేరంటాలుకి ఆట చూపిస్తూ, కథలు వినిపిస్తూ కూర్చోబెట్టారు. ఓ మధ్యాహ్నం హైమ అడిగింది, "అత్తా, గాజుకళ్ల రాణి ముంగిస పేరేంటి?" అని.

కొత్త గాదెలో ఏది నిలిచిందో చూపించే గోడ మీది తెరలో మిణుగురంత చుక్క వెలిగింది.

"కుంకుడు," అంది పేరంటాలు.

ఎన్నాళ్లకి విన్నానో ఆ గొంతు! వెంటనే, "ఆకలేస్తోందమ్మా, ఆవకాయన్నం ఉందా?" అని కూడా అంది. అప్పుడు నా వైపు చూసింది.

"ఎవరమ్మా ఈయన, కళ్లనీళ్లు కారుస్తున్నాడు? రెక్కల మొసలా?"

అలా మొసలినై ఇంటికొచ్చాను.

హైమ నన్ను కొత్త గాదెలో దూర్చాలని చూడకపోలేదు. ప్రయోగశాలలో ఉన్న ఆటలో నా మొహం పెట్టి, మీసానికి నల్లరంగు పూసి, కిరీటం తగిలించి, మహారాజు ధర్మారాయలు అని పేరు రాసింది. పేరంటాలు ఆ పేరు ఇట్టే పట్టేసింది. తెరమీద చుక్క వెలిగింది. రెండు రోజులు నేను ఇంట్లో మహారాజులాగే తిరిగాను.

ఆదివారం వచ్చింది. కాకినాడ మేఘగిరి అభిమానులు టైర్ల షాపు మేడమీద కలుసుకుంటారు. వాళ్ల పెద్ద ఫణి, జుట్టు పిలకేసుకునే ఇంజనీరింగు కుర్రాడు. మా ఆవిడంటే వాళ్లందరికీ హడలు. ఆ రోజు ఫణి అడిగాడు, "మేఘగిరిని ఏలిన రాజుల్లో మీసాలున్నది ఎవరికి?" అని.

"ధర్మారాయలికి!" అంది పేరంటాలు అందరికంటే ముందు.

"మూలంలో లేదు మామ్మగారూ!" అని మేడంతా ఒక్కటే గోల. నవ్వులు. పేరంటాలు మొహం వాడిపోయింది. మర్నాడు హైమ తెర చూస్తే ఆ చుక్క లేదు.

"ఓడించిన మాటని ఊడ్చి బయటపారేసింది మావయ్యా. అసలు మూలంలో ఉంటే తప్ప నువ్వు నిలవవు," అంది హైమ.

"మూలంలోకి పోయే దారేదన్నా ఉందా ఫణీ?" అని ఆ కుర్రాణ్ణే అడిగాను.

"ఒకటే దారి తాతగారూ. సంక్రాంతైపోయాక పెద్ద పోటీ ఉంది. గెలిచినవాళ్లు మూలంలో ఒక్క పాత్ర పెట్టుకోవచ్చు. మొహం, పేరు, పని, ఏదైనా సరే. కంపెనీవాళ్లు అలాగే రాసేస్తారు."

నేను గెలవాలి. గెలిచి నన్ను నేను పెట్టుకోవాలి. అప్పుడు గానీ మా ఆవిడకి నా పేరు తెలియదు. అడ్డం ఒకటే: పేరంటాలు కూడా పోటీకి పేరిచ్చింది. గెలిస్తే కుంకుడుకి ఓ పెళ్లాం ముంగిసని పెడతానని ఊరంతా చాటింది.

"ముంగిసకెందుకండీ పెళ్లి? ఆ చోట్లో నన్ను పెట్టకూడదూ?" అని బతిమాలాను.

"ఊరూ పేరూ తెలియని మనిషిని మూలంలో ఎలా పెడతామండీ? తప్పు కదూ?" అంది.

ఇక చదువు మొదలెట్టాను. మా పంతులుగారు నన్ను ఐదో తరగతిలో వదిలించుకున్నారు గానీ, ఏటి సంగతులు మాత్రం నా బుర్రలోంచి పోవు. ఏ ఇసకమేట ఏ ఏడు ఎటు జరిగిందో ఇప్పటికీ చెప్తాను. అందుకని మేఘగిరి దీవులన్నిటినీ గౌతమి మీదికి దించేశాను. రాణి కోట మా రేవులో టికెట్లిచ్చే పాక. పిడుగుల యుద్ధం జరిగింది చేపల సంతలో. రెక్కల మొసలి నిద్రపోయిన గవ్వలరేవు, మా పంటు మరమ్మతు చేసే చోటు. అలా పెట్టుకుంటే ఒక్కటీ తప్పలేదు. తప్పులన్నీ నాలుక దగ్గరే వచ్చేవి. సగం జవాబు చెప్పాక, మిగతా సగం నాలుక సొంతంగా అల్లేసేది.

"తాతగారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు," అనేవాడు ఫణి, రెండు చేతులూ జోడించి.

"ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి మనిషెందుకయ్యా, గోడ మీద గడియారం చాలదూ?" అనేవాణ్ణి.

పోటీ టౌన్‌హాల్లో జరిగింది. జనం కిటికీల్లో కూడా కూర్చున్నారు. కొందరు రెక్కలు కట్టుకొచ్చారు, ఒకమ్మాయి మూడు తోకలు తగిలించుకొచ్చింది. ఫణీ నేనూ సెమీఫైనల్లో ఎదురుపడ్డాం. ఆఖరి ప్రశ్నకి అతను బెల్లు నొక్కబోయి ఆగాడు. అడిగితే తుమ్మొచ్చిందంటాడు. ఆ తుమ్ము నేను వినలేదు మరి.

ఫైనల్లో మొగుడూ పెళ్లాలం ఎదురుబొదురు కూర్చున్నాం. ఆ సంగతి హాల్లో ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. అక్కడ పద్ధతి ఏమిటంటే, పోటీదార్లే ఒకళ్లనొకళ్లు ప్రశ్నలడగాలి. జవాబు రాకపోతే అడిగినవాళ్లకి పాయింటు. అడిగే ప్రశ్నలో మూలంలో లేని ముక్క ఒక్కటి దొర్లినా పాయింటు అవతలివాళ్లకి.

ఆవిడ అడిగింది, నేను చెప్పాను. నేను అడిగాను, ఆవిడ చెప్పింది. ఉరుముకత్తిని దేంట్లో ముంచి చల్లార్చారంది. గాడిదపాలలో అన్నాను. "ఫర్లేదే, కాఫీ లేకపోయినా బుర్ర పనిచేస్తోంది!" అంది. జనం చప్పట్లు. ఇద్దరికీ పాయింట్లు సమానమయ్యాయి. ఆఖరి ప్రశ్న నాది.

దానికోసం ఓ ప్రశ్న దాచి ఉంచాను. యుద్ధానికి ముందు రోజు రెక్కల మొసలి ఏ రేవులో నిద్రపోయింది? గవ్వలరేవు. మూలంలో ఎక్కడో మారుమూల ఒక్కసారి వస్తుంది. ఆవిడకి రాదని ఫణి ఒట్టేసి చెప్పాడు.

నోరు తెరిచాను. పేరంటాలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. అచ్చం పంటు మీద కొత్తలో అలాగే కూర్చునేది, నేనేం చెప్తానా అని. అంతమంది జనం, ఆ చూపు, ఇంకేముంది! నాలుక తాడు తెంపుకుంది.

"పొగయేరు పోటెత్తిన రోజు," అన్నాను, "రేవులో పెళ్లిపంటు ఊగుతోంది. పంటంత పులస తాడు నోట కరుచుకుని ధవళేశ్వరం దాకా లాక్కుపోయిందే, ఆ రోజు రెక్కల మొసలి ఏ రేవులో..."

అన్నాక తెలిసింది ఏమన్నానో. ముందు వరుసలో హైమ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఫణి పిలక పీక్కున్నాడు.

"మూలంలో లేదు!" అని పేరంటాలు లేచి నిలబడింది. గంట మోగింది. పాయింటు ఆవిడకి. అయిపోయింది. కుంకుడుకి పెళ్లి, నాకు పొద్దున్నే ఉత్త గ్లాసు.

అయితే ఆవిడ కూర్చోలేదు.

"మూలంలో లేకపోతే పోయింది. రోజూ చెప్పే అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేరా మీరు? ధవళేశ్వరం ఎప్పుడెళ్లిందండీ ఆ పులస? యానాం వెళ్లింది. ఎగువకి పోవాల్సింది దిగువకి పోయింది. సరంగే పెళ్లికొడుకు. పెళ్లికూతురు బరువని మీరంటారు గానీ, అదీ అబద్ధమే. ఆ పిల్ల రివటలా ఉండేది!"

రివటలా ఉండేదన్న ముక్క నేనెప్పుడైనా చెప్పానా? ఏమో. అబద్ధాలకి లెక్క ఎవడు రాసుకుంటాడు?

హైమ కుర్చీలోంచి లేచి, ఎక్కడున్నానన్నది కూడా మర్చిపోయి, వేదిక దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మావయ్యా! అత్త తను ఓడిపోయిన మాటల్ని పారేస్తోంది. తను ఓడించినవాటిని దాచుకుంటోంది! మూలంలో లేనివన్నీ గాదెలో ఓ అటక మీద పెట్టుకుంది. నేను ఆ అటక వైపు ఎప్పుడూ చూడలేదు. అక్కడున్నదంతా నువ్వే!"

అంటే రోజూ పొద్దున్నే కాఫీ పోగొట్టుకుంటూ నేను చెప్పిన కోతలన్నీ ఆ అటక మీద భద్రంగా ఉన్నాయన్నమాట. మహారాజు వేషంలో నిలవలేదు గానీ, అబద్ధాలకోరుగా నిలిచాను. మనిషికి తనదైన వేషమే నప్పుతుంది.

కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి పేరంటాలుకి దండ వేసి, "మామ్మగారూ, మూలంలో ఎవర్ని పెట్టమంటారు? ముంగిసనేనా?" అంది.

పేరంటాలు నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. పొద్దున అరుగు మీద చూసే చూపు కాదది.

"ముంగిస పెళ్లికి తొందరేముందమ్మా? పొగయేటి మీద ఇన్ని దీవులున్నాయి, దాటించే నాథుడే లేడు. ఓ సరంగుని పెట్టండి. ఒట్టి అబద్ధాలకోరు. అతని అబద్ధం పట్టుకున్నవాళ్లని ఊరికే దాటించాలి. నమ్మినవాళ్లని తిప్పి తిప్పి మళ్లీ ఇవతలి గట్టునే దింపాలి. మొహం ఇదిగో, ఈయనది పెట్టండి. పాపం, రోజూ కాఫీకి మొహం వాచి ఉంటాడు."

"సరంగు పేరేం పెట్టమంటారు?"

పేరంటాలు నా దగ్గరికొచ్చి, కాస్త మొహమాటంగా అడిగింది.

"ఏవండీ, ఇన్నాళ్లుగా అడగనే లేదు. మీ పేరేంటండీ?"

నోటిదాకా ఎన్ని పేర్లొచ్చాయో! గండభేరుండరాయలు, సముద్రాల సింహాద్రి, ఏడు నదుల దొర. ఇలాంటి అవకాశం ఏ కోతలరాయుడికి దొరుకుతుంది? కానీ ఆ ఒక్కసారికి నాలుక చచ్చుపడింది.

"ధర్మారావండి," అన్నాను. "సంగాడి ధర్మారావు."

"మూలంలో లేదు!" అని పకపకా నవ్వింది. "ఈ నోటికి ధర్మారావా? ఒసే హైమా, నిజమేనా?"

"నిజమే అత్తా," అంది హైమ, ముక్కు తుడుచుకుంటూ.

"అయితే రాసుకోండమ్మా," అంది పేరంటాలు.

ఉగాది వెళ్లాక కొత్త మేఘగిరి వచ్చింది. అందులో ఇప్పుడు పొగయేటి రేవులో నేనుంటాను. నాకు మోకాళ్ల నొప్పులు లేవు. ప్రయోగశాల తెరమీద నా చుక్క వెలిగింది, ఆరలేదు. నేనూ ఆ సరంగూ ఒకళ్లమేనని పేరంటాలుకి తెలుసు. మొగుణ్ణన్న సంగతి మాత్రం ఇంకా వాదనలోనే ఉంది. రోజూ చెప్తాను, రోజూ మూలంలో లేదంటుంది. అదీ అటక మీదికే చేరుతోందని హైమ అంటోంది గనక, నాకేం తొందర లేదు. గారు మాత్రం తీసేయనిచ్చింది.

ఇవాళ పొద్దున కూడా రెండు గ్లాసులూ తెచ్చి అరుగు మీద పెట్టాను. ఆవిడ రెండూ లాక్కుని, ఒకదాని మీద చెయ్యి మూతపెట్టింది.

"తేలిక ప్రశ్నే అడుగుతాను, చూసుకోండి. పొగయేటి రేవులో సరంగు పేరేంటి?"

నేను మీసం దువ్వుకుని, ఆకాశం వైపు చూసి, బాగా ఆలోచించాను.

"గుర్తు రావడం లేదు పేరంటాలూ."

"ధర్మారావు!" అంది. "సంగాడి ధర్మారావు. సొంత పేరు కూడా గుర్తుండదా మనిషికి? కాఫీ లేదు, పొండి."

పొద్దుటి కాఫీ తాగి చాలా రోజులైంది. నాకేమీ లోటు తెలియడం లేదు.